నాచారం రాకాసి గుండ్లకు సున్నం

ఉచితంగా చూడగల చోటు ఒకటుందని తెలిస్తే నాకు కాలు నిలవదు. భువనగిరి బజారులో దుకాణాల మధ్య పుట్టి, త్రాసు పళ్ళాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. మాది గోడలకు పూసే సున్నం, జాజు, కుంచెలు, తుమ్మబంక, తాళ్ళు అమ్మే దుకాణం. అక్టోబరు చివర ఒక మధ్యాహ్నం జాజు పొట్లం కట్టడానికి పాత పేపరు చింపబోతుంటే ఒక మూల చిన్న వార్త కనబడింది. నాచారానికీ ఉప్పల్‌కూ మధ్య చరిత్రకు ముందరి కాలపు సమాధి దిబ్బ ఒకటుందట. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించి కంచె వేసిందట. చూడటానికి రుసుము లేదట.

నాచారం ఫ్యాక్టరీ షెడ్లకు రంగుల కోసం నేను పదిహేనేళ్ళుగా పోతున్నాను. ఈ సమాధి సంగతి నాకెవరూ చెప్పలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, అక్కడ నేను ధర తప్ప మరో మాట ఎత్తితే కదా.

"సేటూ, జాజు కట్టిస్తవా, పేపర్ సదువుకుంటవా?" అన్నాడు ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆ ముక్కను జేబులో పెట్టుకుని వేరే కాగితంలో కట్టిచ్చాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "పెండ్లయిన కొత్తల చార్మినార్ సూపియ్యమంటే, పైకెక్కుటానికి టికెట్టున్నదని కిందికెల్లే సూపిచ్చినవు. ఇప్పుడు సమాధి సూడవోతవా?" అంది. నువ్వు కూడా రమ్మన్నాను. "రాళ్ళు సూడ నేనొస్తే దుకాణంల ఎవరు కూసుంటరు?" అంది. ఆ బేరం అక్కడే చెడిపోయింది.

అలా ఎనభై తొమ్మిది నవంబరు ఒకటో తేదీ ఉదయం, భుజానికి ఒక సంచీ తగిలించుకుని భువనగిరి స్టేషనుకు వెళ్ళాను. ఏడు గంటల ప్యాసింజరు ఏడుంబావుకు వచ్చింది. మౌలాలికి టికెట్ ఐదు రూపాయలు. బస్సులో ఉప్పల్ దాకా నేరుగా పోవచ్చు కానీ రైలు చవక. పైగా రైల్లో అమ్మకానికి పోయే సరుకు ఉంటుంది, బేరమాడుతూ పోతే దారి తెలియదు.

ఎదురు బల్ల మీద ఒక పెద్దామె సీతాఫలాల గంపతో కూర్చుంది. నాలుగు కాయలు అడిగాను. సికింద్రాబాద్‌లో ఏ ధర వస్తుందో ఆ ధరకే ఇస్తానంది. అక్కడిదాకా గంప మోసే శ్రమ నాలుగు కాయల మేర తగ్గుతుంది కదా, ఆ మేరకు ధర తగ్గించమన్నాను. బీబీనగర్ నుంచి ఘట్‌కేసర్ దాకా వాదించాను. చివరికి ఆమె చెప్పిన ధరకే నాలుగు తీసుకున్నాను. అందులో ఒకటి పచ్చిదని తర్వాత తెలిసింది.

"యాడికి పోతున్నవు సేటూ?" అని అడిగింది, డబ్బు కొంగున ముడేసుకుంటూ.

"నాచారం దగ్గర పాతకాలపు సమాధి ఉన్నదట. గుండ్రంగ రాళ్ళు పేర్చి ఉంటయట."

"రాకాసి గుండ్లా? మా ఊర్ల గూడ ఉన్నయి. మేకలు పండుకుంటయి. దానికి టికెట్ కొని రైలెక్కినవా?"

"నేను సేటునని నీకెట్ల ఎరుక?"

"నాలుగు కాయలకు రెండు టేషన్లు కొట్లాడినంక గూడ ఎరుక గాదా?"

రైలు డబ్బాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమెకు బోణీ అయింది, నాకు కాలక్షేపం అయింది.

మౌలాలిలో దిగేసరికి ఎనిమిదీ నలభై. స్టేషను బయట హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. నాచారం పోయే సిటీ బస్సు తొమ్మిదింబావుకు దొరికింది. మల్లాపూర్ మీదుగా పావుగంట. నా వెనకాల పోదలచినవారికి చెబుతున్నాను: కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, ఎడమవైపు రసాయనాల షెడ్ల వాసన ఎక్కువ.

ఆ రోజు నాచారం బజారు తీరు వేరుగా ఉంది. సైకిళ్ళ హ్యాండిళ్ళకు బంతిపూల దండలు, చేతుల్లో కొవ్వొత్తుల పొట్లాలు, కుంచె నిలబెట్టిన సున్నం బకెట్లు. మరునాడు రెండో తారీఖు, క్రైస్తవుల సమాధుల పండుగ. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఇక్కడి షెడ్లలో పనిచేసే కుటుంబాలు తమవారి సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ బకెట్లన్నీ చూసి నేను మొదట ఏమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంత సున్నం వీళ్ళకు ఎవడు అమ్ముతున్నాడా అనుకున్నాను.

చౌరస్తా నుంచి షెడ్ల వెనక మట్టి బాట పట్టుకుని ఉప్పల్ వైపు ఇరవై నిమిషాలు నడవాలి. ఒక దారం మిల్లు గోడ అయిపోయాక ముళ్ళతీగ కంచె, ఇనుప గేటు, నీలం బోర్డు కనిపిస్తాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేసినా, చెక్కినా, రంగు పూసినా శిక్ష తప్పదని బోర్డు మీద రాసి ఉంది. దాని వెనక, మధ్యలో మట్టీ గులకరాళ్ళూ కలిసిన దిబ్బ. ఎత్తు నా నడుము దాకా ఉంటుంది. చుట్టూ గుండ్రంగా పాతిన బండరాళ్ళు. లెక్కపెట్టాను, ఇరవై మూడు. కొన్ని కూర్చున్న దున్నపోతంత, కొన్ని ధాన్యం బస్తా అంత.

అన్నీ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి.

వేల ఏళ్ళనాటి వాళ్ళకు మా దుకాణంలో దొరికేదానికంటే మంచి సున్నం దొరికేదేమో అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. తీరా ముట్టుకుంటే వేలికి అంటింది. నాలుకకు తాకించి చూశాను, అది మా వృత్తి అలవాటు. నిన్నటి సున్నం. మెరుపు కోసం నీలిమందు కూడా పడింది.

అప్పుడు దిబ్బ అవతల నుంచి మాటలు వినబడ్డాయి.

"తేజాబ్ పోస్త. బుసబుస పొంగి అంత పోతది."

"సున్నంతోని రాయి గూడ పోతది. నా మాటిను."

"నన్నడగకుంట జేస్తేనే గిట్లయింది!"

చుట్టూ తిరిగి వెళ్ళాను. ఖాకీ చొక్కా వేసుకున్న నలభై ఏళ్ళ మనిషి ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తిప్పుతున్నాడు. అది షెడ్లలో వాడే ఆసిడ్. పక్కన అతని భార్య తడి గుడ్డ పట్టుకుని నేల మీద కూర్చుంది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది.

"తమ్మీ, ఆగు. మూత దియ్యకు," అన్నాను.

"సూసుడు బంద్ ఇయ్యాల. గేటు బయటికి పో," అన్నాడతను.

"నేను సున్నం అమ్మెటోణ్ణి."

ఆ మాటకు ఇద్దరూ నా వైపు చూసిన చూపు, దవాఖానాలో పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్ళు డాక్టరును చూసే చూపు. నా జన్మలో సున్నానికి అంత గౌరవం దక్కడం అదే మొదలు.

సంగతి ఇది. అతని పేరు ఏసోబు. పదకొండేళ్ళుగా ఈ దిబ్బకు కాపలా, దినకూలి మీద. భార్య సువార్తమ్మ పక్క దారం మిల్లులో పనిచేస్తుంది. పదకొండేళ్ళ తర్వాత అతని నౌకరీ పర్మినెంటు చేసే కాగితం కదిలింది. సాయంత్రం నాలుగు గంటలకు పురావస్తు శాఖ నుంచి సార్ వచ్చి, కట్టడం ఎలా ఉందో చూసి, బాగుందని రాస్తే ఆ కాగితం చేతికి వస్తుంది. నిన్న ఏసోబు తండ్రి సమాధికి సున్నం వేయడానికి ఊరికి పోయాడు. తెల్లారి వచ్చి చూస్తే ఇదీ పరిస్థితి.

"ఎవరేసిన్రు?" అని అడిగాను.

"నేనే," అంది సువార్తమ్మ. "మా అమ్మ సమాధి ఊర్ల రోడ్డు పక్కన ఉండె. నిరుడు రోడ్డు వెడల్పు జేసిన్రు. ఇప్పుడు దాని మీదికెల్లి బస్సులు పోతున్నయి. ఏడ ఎయ్యాలె సున్నం? ఇంటికేసింది సగం బకెట్ మిగిలింది. ముందర వెట్టుకోని కూసున్న. ఈడ జూస్తే గింత పెద్ద సమాధి. పదకొండేండ్లాయె సూడవట్టి, ఒక్కలు రాలే, ఒక్క పువ్వు వెట్టలే. సగం బకెట్ సాలక మల్ల కొనుక్కొచ్చిన."

"నన్నడగాలె గద!" అన్నాడు ఏసోబు.

"అడిగితే వద్దంటవు గద."

నేను ఒక రాయిని గోటితో గీరి చూశాను.

"సున్నంల బంక కలిపినవా చెల్లె?"

"బంకకు పైసలు యాడికెల్లి తేవాలె సేటూ?"

పాతికేళ్ళుగా, బంక కలపని సున్నం దండగ అని జనాన్ని భయపెట్టి అమ్ముతున్నవాణ్ణి. ఆ రోజు బంక కొనని మనిషికి మనసులో దండం పెట్టుకున్నాను. బంక లేకపోతే సున్నం రాయిని పట్టుకోదు. పులుపు తగిలితే వదులుతుంది. ఆసిడ్ పోస్తే రాతి మీద మచ్చ పడుతుంది, బ్రష్షుతో గీకితే గీత పడుతుంది. చింతపండు నీళ్ళు, తడి గోనెపట్టా, ఓపిక, ఈ మూడూ చాలు. గడియారం చూశాను. పదిన్నర.

ఏసోబు మిల్లు గోడ దగ్గరున్న బోరింగు నుంచి నీళ్ళు మోయడం మొదలుపెట్టాడు. నేనూ సువార్తమ్మా నాచారం బజారుకు నడిచాం. కిరాణా దుకాణం గల్లా మీద ఒక బక్క మనిషి కూర్చున్నాడు. నిరుటి చింతపండు ఉందా అన్నాను. ఉందన్నాడు. నల్లబడిపోయింది కదా, ఎవరూ కొనరు కదా, సగం ధరకివ్వు అన్నాను. నల్లబడిందే అసలు పులుపు అన్నాడు. తూకంలో గింజ ఎంత పోతుందన్నాను. గింజలో బలముంటుందన్నాడు. అతను నా జాతివాడని నాకు తెలిసిపోయింది, నేను అతని జాతివాణ్ణని అతనికీ తెలిసిపోయింది. ఇద్దరం సంతోషంగా సర్దుకుని కూర్చున్నాం.

"అన్నా," అంది సువార్తమ్మ వెనక నుంచి. "నాలుగు గంటలకు సార్ వస్తడు. నువ్వు తగ్గించే రెండు రూపాలు నేనిస్త. నడువు."

దుకాణదారు నాకేసి జాలిగా చూశాడు. అడిగిన ధరకే మూడు కిలోలు తూచాడు. అయితే ఖాళీ గోనెసంచులు నాలుగు ఊరికే ఇచ్చాడు. నేను అడగకుండా ఊరికే వచ్చిన సరుకు నా జీవితంలో అవే.

పదకొండున్నరకు పని మొదలైంది. చింతపండు నీళ్ళలో గోనె తడిపి రాతికి చుట్టాలి. కాసేపు నానాక పైనుంచి కిందికి తుడవాలి. కారిన తెల్లనీళ్ళు నేలలో ఇంకకుండా రాయి మొదట్లో ఇంకో గోనె పరచాలి. మొదటి రాయికి పావుగంట పట్టింది. ఈ లెక్కన ఇరవై మూడు రాళ్ళకు ఐదు దాటుతుంది. అప్పుడు సువార్తమ్మ తన పాత చీర తెచ్చి నాలుగు ముక్కలు చేసింది. ఒకేసారి నాలుగైదు రాళ్ళకు తడి చుట్టి, వరసగా తుడుచుకుంటూ పోయాం. ఆమె చెయ్యి నాకంటే వేగం. నేను మూడోది తుడిచేసరికి ఆమె ఐదోదాని మీద ఉంది.

"సున్నం అమ్మెటోనివి, తుడుసుడు రాదా సేటూ?" అన్నాడు ఏసోబు, బకెట్ దించుతూ.

"అమ్మినంక ఏం జేసుకున్నరో మేం జూడంగద."

"బంగారమసోంటి యాపారం!"

పొద్దుటి నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి. భార్య వైపు చూడకుండా నవ్వాడు కానీ, బకెట్ మాత్రం ఆమెకు దగ్గరగా జరిపి పెట్టాడు.

తుడిచిన కొద్దీ రాళ్ళ అసలు రంగు బయటపడింది. గులాబీ, బూడిద కలిసిన రంగు. అక్కడక్కడా అభ్రకం మెరుపు. ఈ రాళ్ళను ఇక్కడికి దొర్లించినవాళ్ళకు ఎడ్లున్నాయో లేవో. ఏ ఒక్క మనిషి కోసం ఇంత బరువు మోశారో. మా ఇళ్ళలో సమాధులు ఉండవు. మా నాయన పోతే కాల్చి, బూడిద మూసీలో కలిపాం. ఇరవై ఏళ్ళయింది. ఆయన కోసం సున్నం వేయడానికి నాకొక రాయి లేదని, సున్నం అమ్మేవాడి కొడుకునై ఉండి, నాకు అప్పటిదాకా తోచనేలేదు.

రెండు గంటలకు పదహారు రాళ్ళయ్యాయి. సువార్తమ్మ మిగిలిన చింతపండులో కొంత తీసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప పిసికి పచ్చి పులుసు చేసింది. అన్నం ఇంటి నుంచి తెచ్చింది. కంచె బయట చెట్టు నీడలో ముగ్గురం తిన్నాం. నా సీతాఫలాలు పంచితే పచ్చిది నాకే వచ్చింది. వేళ్ళు సున్నానికి మండుతున్నాయి, పచ్చి పులుసు తగిలి చల్లబడ్డాయి. ప్రయాణాల్లో నేను చాలా హోటళ్ళలో తిన్నాను. ఇది వాటి లెక్కలోకి రాదు.

మూడు యాభైకి ఇరవై మూడో రాయి అయింది. ఏసోబు చొక్కా మార్చుకున్నాడు. నాలుగూ పదికి జీపు వచ్చింది.

దిగిన సార్‌కు యాభై ఏళ్ళుంటాయి. కోస్తా వైపు మాట, చేతిలో తోలు సంచీ. గేటు దాటగానే నిలబడిపోయాడు.

"రాళ్ళెందుకు తడిగా ఉన్నాయి?"

నాలో దుకాణదారు వెంటనే లేచాడు. "దుమ్ము వట్టిందని కడిగిండు సార్, మీరొస్తున్నరని..." అని నేను సగం అన్నానో లేదో, సువార్తమ్మ ముందుకొచ్చింది.

"సున్నమేసిన సార్. నేను. ఈయన ఊర్ల లేడు."

బేరంలో మన ధర ముందు చెప్పకూడదు. ఆ ముక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేను తల పట్టుకున్నాను.

"ఈ బోర్డు చదవలేదా?" అన్నాడాయన.

"నాకు సదువు రాదు సార్. ఈయనకొస్తది. ఈయన ఊర్ల లేడు గద."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో రాయి దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. వేలితో తడిమి వాసన చూశాడు. "చింతపండా?" అన్నాడు. అవునన్నాను. "ఆసిడ్ పోయలేదు కదా?"

"తెచ్చిన సార్," అన్నాడు ఏసోబు. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే బడి. "ఈ సేటు ఆపిండు."

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "గీతలు పడలేదు. అదృష్టం. కానీ సున్నం వేశారని తెలిసీ రాయకుండా పోలేనమ్మా. రేపు ఇంకెవరైనా చెబితే నా ఉద్యోగం పోతుంది."

ఇక ఊరుకోలేకపోయాను. "ఏం రాస్తరు సార్?" అన్నాను.

"మెమో. అంటే హెచ్చరిక. ఉద్యోగి దానికి జవాబు రాసివ్వాలి."

"ఉద్యోగి అంటే?"

"ఇతనే."

"ఈయన ఉద్యోగి కాదు గద సార్. దినకూలి గద."

చాలా తెలివిగా అన్నాననుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "నిజమే. దినకూలికి మెమో ఇచ్చే రూలు లేదు. రిజిస్టర్లో పేరు కొట్టేయడమే," అన్నాడు.

జీవితమంతా ధర తగ్గించడమే నేర్చినవాణ్ణి, అక్కడ మనిషినే తగ్గించేశాను. ఏసోబు తల వంచుకున్నాడు. సువార్తమ్మ నా వైపు చూడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"కొట్టేస్తే కొట్టేయి సార్," అంది ఆమె. "గని ఈయన తావుల వచ్చెటోనికి జర జెప్పు. దిబ్బ నడుమ గుంత వడ్డది. కుక్కలు తోడుతయి, మేకలెక్కుతయి. ఈయన మూడేండ్ల సంది కంప ఏసి కాపాడుతుండు. ఎండినప్పుడల్ల మార్వాలె. మర్సిపోతరు."

ఆయన దిబ్బ అంచు దాకా వెళ్ళి చూశాడు. నేను పొద్దుటి నుంచి అక్కడే ఉండి చూడనిది అప్పుడు చూశాను. నడుమ మంచమంత మేర తుమ్మకంప ఒద్దికగా పేర్చి, ఎగిరిపోకుండా అంచులకు రాళ్ళు పెట్టి ఉంది.

"ఇది ఎవరు చెప్పారు చేయమని?"

"ఎవరు జెప్పలే సార్," అన్నాడు ఏసోబు. "లోపల మనిషి ఉన్నడు గద."

సార్ జీపు దగ్గరికి పోయి, తోలు సంచీ బానెట్ మీద పెట్టి విప్పాడు.

"మెమో ఇవ్వక తప్పదు," అన్నాడు, మాతో కాకుండా సంచీతో అంటున్నట్టు. "మెమో ఇవ్వాలంటే ఇతను ఉద్యోగి అయి ఉండాలి. కాబట్టి ముందు ఇది."

పర్మినెంటు ఆర్డరు తీసి సంతకం చేసి ఏసోబు చేతికిచ్చాడు. తర్వాత తెల్లకాగితం తీసి అక్కడికక్కడే మెమో రాసి, దాన్నీ ఇచ్చాడు. పదకొండేళ్ళు ఒక్క కాగితమూ రాని మనిషికి ఐదు నిమిషాల్లో రెండు వచ్చాయి. ఏది పైన పెట్టుకోవాలో తెలియక అతను రెంటినీ అటూ ఇటూ మార్చాడు.

"జవాబు ఇప్పుడే రాసివ్వు," అన్నాడు సార్.

సార్ ఇచ్చిన తెల్లకాగితాన్ని ఏసోబు నా చేతిలో పెట్టాడు. అతను చెబుతుంటే నేను రాశాను. నేను ఊర్లో లేని సమయమున నా భార్య దీనిని సమాధి అనుకొని, పండుగ సందర్భముగా సున్నము వేసినది, మరల ఇట్లు జరగదు. సార్ చదివి, నా పెన్ను తీసుకున్నాడు.

"'సమాధి అనుకొని' ఏమిటి? సమాధే కదా. ఆ అనుకోవడం తీసేయండి," అని తనే ఆ మాట కొట్టేసి, కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

వెళ్ళబోతూ తూర్పు వైపున్న చిన్న రాయి దగ్గర వంగాడు. దాని మొదట్లో, అరచేయంత పగులులో, మేము చూడని తెల్లమచ్చ ఒకటి ఉండిపోయింది. ఏసోబు తడిగుడ్డతో పరుగెత్తాడు.

"వదిలెయ్. పగులులో రుద్దితే పెచ్చు లేస్తుంది. వానకు అదే పోతుంది," అన్నాడాయన. జీపు ఎక్కాక సువార్తమ్మను పిలిచాడు. "కొవ్వొత్తులు కంచె లోపల పెట్టకూడదు. కంచె బయట స్థలం మాది కాదు. అక్కడ ఎవరేం చేసినా మాకు సంబంధం లేదు."

జీపు దుమ్ములో కలిసిపోయేదాకా ముగ్గురం నిలబడ్డాం. ఏసోబు రెండు కాగితాలూ భార్య చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. అయినా మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూసింది.

"గీ దాంట్ల నన్ను తిట్టిన్రా?" అంది మెమో చూపించి.

"నన్నే తిట్టిన్రు. ఉద్యోగిని గద," అన్నాడు ఏసోబు.

ఐదున్నరకు సంచీ భుజాన వేసుకున్నాను. సువార్తమ్మ గేటు దాకా వచ్చింది. "సేటూ, రేపు మా అమ్మ పేరు మీద ఒకటి వెలిగిస్త, లోపలాయన పేరు మీద ఒకటి. పాకెట్ల ఇంకా ఉన్నయి. మీ ఇంట్ల పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ రోజు మా నాయన పేరు చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి గుర్తు పెట్టుకుంది.

అక్కడి నుంచి ఉప్పల్ చౌరస్తాకు అరగంట నడక. రామంతాపూర్ వైపు టీవీ స్తంభం మీద ఎర్రదీపం అప్పుడే వెలిగింది. భువనగిరి బస్సు ఆరూ ఇరవైకి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు టికెట్ ఇస్తూ నా వేళ్ళు చూశాడు.

"ఏంది సేటూ, ఇంటికి సున్నమేసుకున్నవా?"

"మనోళ్ళింటికి," అన్నాను. తుడిచి వస్తున్నానని చెప్పలేదు. అంత కథ వినే తీరిక అతనికి లేదు.

బస్సు ఘట్‌కేసర్ దాటేదాకా చేతులు వాసన చూసుకుంటూ కూర్చున్నాను. సున్నం, చింతపండు. ఉచితంగా చూసి వద్దామని పోయినవాణ్ణి, ఒక రోజు కూలీ చేసి, అడిగిన ధరకు చింతపండు కొని, పచ్చి సీతాఫలం తిని వస్తున్నాను. నష్టమని మాత్రం ఎంత ప్రయత్నించినా అనిపించలేదు. ఎనిమిదింటికి ఇల్లు చేరాను. మా ఆవిడ అన్నం పెడుతూ, "ఎట్లున్నది సమాధి?" అంది. "ఈసారి నువ్వు గూడ రావాలె," అన్నాను. టికెట్ లేదు కాబట్టి అంటున్నాననుకుంది.

పోదలచినవారు పొద్దున్నే పోండి, గేటు దగ్గర ఏసోబును అడగండి, దిబ్బ మీద మాత్రం ఎక్కకండి. తూర్పు వైపు చిన్న రాయి మొదట్లో ఒకసారి వంగి చూడండి. ఆ రాత్రి నేను గోడ మీది క్యాలెండరు దగ్గర నిలబడి నెలలు లెక్కపెట్టాను. మళ్ళీ వానలు పడటానికి ఇంకా ఏడు నెలలున్నాయి. తడి ఆరని రాళ్ళను గేటు దగ్గరి నుంచే పట్టేసిన ఆ సార్‌కు, నవంబరులో వాన ఉండదన్న సంగతి తెలియదంటారా?